తీగకు ముందు నేల

మా అక్కగారి రెండవ కుమారుడు విజయవాడ సత్యనారాయణపురములో ఇంజనీరింగు చదువుచు, చదువు పోను మిగిలిన కాలమున బేస్ గిటారు వాయించుచున్నాడు. ఇటీవల గిటారు పోను మిగిలిన కాలముననే చదువు సాగుచున్నదని వాని తండ్రిగారి అభియోగము. ఇంటి వెనుకవైపున పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గల గదిలో ఒక బల్ల, దానిపై ఒక లాప్‌టాప్, అరచేతి వెడల్పు గల ఆడియో ఇంటర్‌ఫేసు, గోడవారగా తాతగారి కాలపు ఇనుప బీరువా: ఇదియే వాని స్టూడియో. మొన్న మాఘమాసములో వాడు నాకు ఫోను చేసి, "మామయ్యా, ఏం వాయించినా వెనకాల తుమ్మెద ఒకటి మోగుతూనే ఉంది. దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట, కొనమంటావా?" అని అడిగినాడు. యౌవనమున కోస్తా జిల్లాల ఆర్కెస్ట్రాలలో ఆరేడేండ్లు బేస్ గిటారు మెడకు తగిలించుకొని, పెండ్లిపందిళ్ళలో జనరేటర్ల ప్రక్కనే నిలుచుండి వాయించినవాడను గనుక ఆ తుమ్మెదతో నాకు పాతపరిచయము కలదు. కొనవద్దు, నేను వచ్చెదను అంటిని.

వాద్యమునుండి బయలుదేరిన నాదము కంప్యూటరులో నిక్షిప్తమగు వరకు దారిలో తగులు సాధనముల వరుసను సిగ్నల్ చెయిన్ అందురు. వ్రేలు, తీగ, తీగక్రింది పికప్పు, కేబులు, వాద్యమును నేరుగా రికార్డింగునకు కలుపు డీఐ బాక్సు, ఇంటర్‌ఫేసు, పిదప కంప్యూటరులో కొలువుతీరిన, బిగ్గర దెబ్బలను అణచు కంప్రెసరు, ఈక్వలైజరు, పేరుపొందిన ఆంప్లిఫయర్లను అనుకరించు ప్రోగ్రాములు. ఇట్లు కొక్కెముపై కొక్కెము తగిలించిన గొలుసు అది. నేడు ఇండ్లలో రికార్డు చేసికొను యువకులలో పెక్కుమంది తమ ధనమును, శ్రద్ధను, రాత్రినిద్రను ఈ గొలుసు తుదికొసయందు వెచ్చించుచున్నారు. ఆ మూటిని మొదటికొసయందు వెచ్చింపవలెనని నా వాదము. మన ఇండ్లలో ఆ మొదటికొస గిటారు కాదు, వ్రేలును కాదు, పెరటిలోని ఎర్తు గుంత. ఈ మాట నేను హాస్యమునకు అనుట లేదు.

లెక్క చూడుడు. బేస్ గిటారు నాలుగు తీగలలో అన్నింటికన్న లావైనది ఇ తీగ. దానిని మెట్టు నొక్కక విడిచి మీటినపుడు సెకనుకు 41 కంపనములకు కొంచెము పైగా పలుకును. తరువాతి 'ఏ' తీగ 55, డి తీగ 73 చిల్లర, జి తీగ 98. లావు తీగను మూడవ మెట్టుపై నొక్కినచో వచ్చు మంద్ర జి స్వరమునకు సెకనుకు 49 కంపనములు. మన ఇంటి గోడలలో ప్రవహించు విద్యుత్తు సెకనుకు 50 సార్లు దిశ మార్చి మరల తొలిదిశకు వచ్చును. హమ్ము అని పిలువబడు ఆ తుమ్మెద దీని రొదయే. అనగా మన దేశములో గోడలోని కరెంటు బేస్ గిటారు మూడవ మెట్టుతో దాదాపు శ్రుతి కలిపి కూర్చున్నది! పూర్తిగా కలిసినను కొంత బాగుండెడిది. ఒక్క కంపనము తేడా ఉండుటచేత జి స్వరము నిలిపి పట్టినపుడెల్ల, తంబూరా తీగ వెండ్రుకవాసి తప్పినపుడు వినవచ్చు ఊపు వలె, సెకనుకొక అల చొప్పున నాదము లేచి పడుచుండును. ఆ తుమ్మెదకు నూరు కంపనముల తోబుట్టువొకటి ఉండును. అది 98 కంపనముల జి తీగతో సెకనుకు రెండు అలల చొప్పున జగడమాడును. అమెరికాలో విద్యుత్తు ఆవర్తనములు 60 గనుక అక్కడి తుమ్మెద బి ఫ్లాటుకు, బి స్వరమునకు నడుమనున్న సందులో పడి, ఏ మెట్టుకు చెందని పరాయిదిగా నుండును. మనదట్లు కాదు, అది రాగములోని స్వరమువలె వేషము వేసికొని వచ్చినది. దానిని సన్నని ఫిల్టరుతో 50 వద్ద కోసివేయుదమన్నచో, తుమ్మెదతోపాటు జి స్వరము పునాదియు తెగిపోవును. మావాడు కొనదలచిన సాఫ్ట్‌వేరు ఎంత తెలివిగలదైనను, స్వరమేదో చప్పుడేదో ఒకే చోట కూర్చున్నపుడు రెంటిని వేరుచేయుటకు ఎంతో కొంత స్వరమునే బలి పెట్టవలసి వచ్చును. కావున ఈ రోగమునకు పుట్టినచోటనే తప్ప దారిలో మందు లేదు.

నేను వెళ్ళిన నాటి ఉదయము వీధి చివరి ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. అతడు సంచిలోనుండి రెండు వైరు ముక్కలు తగిలించిన ఒక బల్బు హోల్డరు తీసి, గదిలోని ప్లగ్గు సాకెట్టులో ఫేజు రంధ్రమునకు, న్యూట్రలు రంధ్రమునకు నడుమ పెట్టగా బల్బు ధగధగ వెలిగినది. ఫేజుకును పైనున్న లావుపాటి ఎర్తు రంధ్రమునకును నడుమ పెట్టగా, లోపలి తంతి కార్తికపు రాత్రి కొడిగట్టు దీపము వలె ఎఱ్ఱగా మినుకుమన్నది. అతడు ఏమియు అనక పెరటిలోనికి నడచి, బట్టలు ఉతుకు బండ ప్రక్కన, కొబ్బరి డొక్కలు పేర్చిన చోట, ఒక సిమెంటు మూత ఎత్తి చూచి, "ఏవండీ, దీనికి నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందండీ?" అని అడిగినాడు. మా అక్కగారు ఆశ్చర్యముతో, "దానిక్కూడా నీళ్ళు పోస్తారా నాయనా?" అన్నది. లోపల మన్ను ఇటుకపొడి వలె ఎండియున్నది. గొట్టమునకు బిగించిన క్లాంపు త్రుప్పుపట్టి, చేయి తగిలినంతనే వైరుతో సహా ఊడివచ్చినది. ఆ మధ్యాహ్నము గుంత త్రవ్వి, కొత్త క్లాంపు బిగించి, ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, నాలుగు బకెట్ల నీరు పోసిన పిమ్మట రెండవ పర్యాయము పెట్టిన బల్బు మొదటి పర్యాయము వలెనే వెలిగినది.

తుమ్మెద మూడువంతులు చచ్చినది. మిగిలిన వంతును వెదకుటకు వాయించువారెల్లరు తెలిసికొనదగిన రెండు పరీక్షలు కలవు. తీగలపై అరచేయి మోపినపుడు చప్పుడు తగ్గి, తీసినపుడు పెరిగినచో, గదిలోని వైర్లనుండి వెలువడు విద్యుత్ప్రభావమును మన శరీరమే ఏరియలు వలె పట్టి పికప్పునకు అందించుచున్నదని తెలియవలెను. ఎర్తునో, గిటారు లోపలి కవచమునో సరిచూచుకొనవలెను. అట్లు గాక, గిటారు ఒడిలో పెట్టుకొని కుర్చీలో నెమ్మదిగా తిరిగినపుడు ఒక దిక్కున పెరిగి వేరొక దిక్కున అణగినచో, అది ఏ ట్రాన్స్‌ఫార్మరునుండియో ఫ్యాను రెగ్యులేటరునుండియో గాలిలో ప్రాకి వచ్చి పికప్పు తీగచుట్టలో దూరుచున్నదన్నమాట. మావాని గిటారుకు రెండు పికప్పులు. వానిని ఒకదానికొకటి ఎదురుగా చుట్టియుందురు గనుక రెండింటి మీటలు పూర్తిగా త్రిప్పి ఉంచినపుడు, రెండింటిలోనికి వచ్చిన చప్పుడు ఒకదానినొకటి మ్రింగివేయును. వీడు "వెనకది ఒక్కటే బావుంటుంది" అని ముందుదానిని మూసి కూర్చున్నాడు. గిటార్ల తయారీదారుడు లియో ఫెండరు 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేసునకు పికప్పు ఒక్కటియే. 1957లో దానిని రెండు ముక్కలుగా విడదీసి ఎదురెదురుగా చుట్టినది ఈ చప్పుడును అణచుటకే.

చివరకు లాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీపై నడపగా చెవికి నిశ్శబ్దమే మిగిలినది. రికార్డు చేయునపుడు ఛార్జరు తీసివేయుట పైసా ఖర్చు లేని ఉపాయము. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొనినపుడు మాత్రము ఏమియు రికార్డు చేయకుడు. చవుకరకపు ఇన్వర్టరు పుట్టించు గరుకు తరంగములో తుమ్మెద కందిరీగగా మారును.

ఇచ్చట కొంచెము కటువుగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. హమ్ము పోవుటకని మూడు పిన్నుల ప్లగ్గులోని లావు పిన్నును విరిచివేయుట మన ఆర్కెస్ట్రాలలో నేను కన్నులార చూచిన ఆచారము. గుంటూరు జిల్లాలో ఒక పందిరిలో, గిటారు తీగలపై చేయి వేసి కోరసు పాడబోయిన నాకు మైకు పెదవిని తాకి చిటుక్కున నిప్పురవ్వ లేచినది. నేను ప్రాణముతో ఉంటిని గనుక అందరు నవ్విరి. 1972లో బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వే అను గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకు ముట్టి వేదికమీదనే మరణించినాడు. డీఐ బాక్సుపై గ్రౌండ్ లిఫ్ట్ అను చిన్న మీట ఉండును. అది శబ్దపు కేబులులోని ఎర్తును మాత్రమే విడదీయును, ప్రాణము కాపాడు ఎర్తు జోలికి పోదు. హమ్ము పోగొట్టుకొనుటకు పిన్ను విరుచుట కాదు, ఆ మీట నొక్కుట పద్ధతి.

ఇక తీగకు, వ్రేలికి వత్తము. కొత్త గరుకు తీగలు కంచువలె మ్రోగును. నునుపుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు మృదంగపు ఎడమవైపు వలె గుంభనముగా పలుకును. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థకు వాయించిన జేమ్స్ జేమర్సన్, బేస్ గిటారు చరిత్రలో మొదట చెప్పదగిన వారిలో ఒకడు, కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. నునుపు తీగలను మార్చుటకు ఇష్టపడెడివాడు కాడు. ఏ యంత్రమును ఈ భేదమును తరువాత పుట్టింపజాలదు. ఎడమచేతి వ్రేలు మెట్టునకు ఆనుకొని పడక కొంచెము వెనుకకు జారినపుడు వచ్చు గిలగిలను ఏ కంప్రెసరును దాచదు సరికదా, పెద్దది చేసి చూపును. ఈ విషయమున ఇంతకు మించి చెప్పనవసరము లేదు. సాధన చేయువానికి తెలియును, చేయనివానికి చెప్పినను తెలియదు.

పికప్పునుండి వెలువడు విద్యుత్తు బహు దుర్బలము. అయస్కాంతము చుట్టు వెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టగా, పైనున్న ఉక్కుతీగ కదలినపుడు పుట్టు ఆ చిన్న వోల్టేజికి వెనుక బలము లేదు; దానిని అందుకొను సాకెట్టు గట్టిగా గుంజినచో అది కుంగిపోవును. సాకెట్టు గుంజు బలము దాని అవరోధమును బట్టి ఉండును: అవరోధము తక్కువైనకొలది గుంజుట ఎక్కువ. కీబోర్డు వంటి బలమైన వాద్యములకై ఏర్పడిన లైన్ ఇన్‌పుట్టు అవరోధము సాధారణముగా 10 వేల ఓముల ప్రాంతమున ఉండును; గిటార్లకై ఏర్పడినది 10 లక్షల ఓముల ప్రాంతమున ఉండును. మొదటిదానిలో బేసు గ్రుచ్చినచో పై అనుస్వరములన్నియు, అనగా వ్రేలి దెబ్బలోని తేట, తీగలోని తీగతనము, ఊడ్చుకొనిపోయి, మందపు కంబళి కప్పుకొని మాటలాడువాని గొంతు వలె మిగులును. రెండిటికిని పెక్కు ఇంటర్‌ఫేసులలో రంధ్రము ఒక్కటియే. ప్రక్కన గిటారు బొమ్మ గల చిన్న మీట ఒకటి ఉండును. మావాని ఇంటర్‌ఫేసులో ఆ మీట ఆరు మాసములనుండి పైకే ఉన్నది. దానిచుట్టు పేరుకొనిన దుమ్మే సాక్షి. ఆ కంబళిని తొలగించుటకు వాడు ఈక్వలైజరులో పై స్వరములను పెంచుచు, పెంచిన కొలది బుస పెరుగగా బుస తగ్గించు యంత్రమును తగిలించుచు, అది తేటను కోయగా మరల పెంచుచు, రాత్రులు గడిపినాడు. నేను గోటితో మీట నొక్కితిని. వాడు ఒక్క స్వరము మీటి నావైపు చూచినాడు, ఏమియు అనలేదు.

లోపల 9 వోల్టుల బ్యాటరీ గల యాక్టివ్ గిటార్లకు ఈ బాధ తక్కువ. వానికి వేరొక జబ్బు కలదు: జాక్ గ్రుచ్చి ఉంచినంతసేపు, వాయించినను వాయింపకున్నను, బ్యాటరీ కరగుచునే ఉండును. రాత్రి కేబులు పీకి పడుకొనవలెను. కేబులు మూడు మీటర్లు చాలును. పొడవైనకొలది అదియు కొంత తేట త్రాగును.

బేసును ఆంప్లిఫయరులో వాయించి, దాని ముందు మైకు నిలిపి రికార్డు చేసిననే ప్రాణముండునని వాదించు పెద్దలు కలరు. 1960లో వచ్చిన ఆంపెగ్ పోర్టాఫ్లెక్స్ వంటి వాల్వుల పెట్టె, మంచి గది, మంచి మైకు దొరకినచో వారి మాట నేను కాదనను. కాని మన గది ఏమి చేయునో చూడుడు. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు నడచును. ఇ తీగ నాదపు అల ఒక్కటియే ఎనిమిది మీటర్లకు పైగా పొడవు. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల నడుమ తగులుకొని నిలిచిపోవు స్వరము సెకనుకు 56 కంపనములది. 'ఏ' తీగ పలుకునది 55! మావాని గదిలో నేను స్పీకరు పెట్టించి 'ఏ' తీగను విడిచి మీటుమంటిని. గోడ మూలలో చెవి పెట్టగా డప్పు మ్రోగినట్లున్నది. రెండడుగులు, మూడడుగులు జరిగి గది నడుమకు రాగా ఎవరో దుప్పటి కప్పినట్లు స్వరము మాయమైనది. ఈ లోపల తాతగారి బీరువా తలుపు తన వంతు తాళము వేసినది. ఇట్టి గదిలో మైకు పెట్టినచో రికార్డగునది గిటారు కాదు, గది, బీరువా అదనము.

కావున తీగనాదమును గాలికి అప్పగింపక నేరుగా తీసికొనుటయే ఇండ్లలో ఉత్తమమార్గము. ఇది పేదవాని సర్దుబాటు కాదు. మోటౌన్ సంస్థాపకుడు బెర్రీ గోర్డీ 1959లో డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బొలెవార్డులో కొని స్టూడియోగా మార్చినది నివాసగృహమే. ఇరుకు గదిలో అందరు కలిసి వాయించునపుడు ఒకరి శబ్దము ఒకరి మైకులో పడకుండుటకు, అచటి ఇంజనీరు మైక్ మెక్లీన్ గిటార్లను, బేసును నేరుగా రికార్డింగు బల్లకు కలుపు పెట్టెను నిర్మించినాడు. జేమర్సన్ వాయించిన పాటలలో పెక్కు ఆ దారిననే వచ్చినవి. లండనులో ఆబీ రోడ్ స్టూడియోకు చెందిన కెన్ టౌన్సెండ్ అట్టి పెట్టెను కట్టగా, 1967లో బీటిల్స్ వారి 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బములోని శీర్షికగీతమునకు బేసును ఆ విధముననే తీసికొనిరి.

నేరుగా వచ్చిన నాదము ఉప్పు లేని పప్పు వలె ఉండునని కొందరు రికార్డు చేయునపుడే కంప్రెసరును, కరకును (డిస్టార్షనును) కలిపివేయుదురు. నేను అంగీకరింపను. ఉప్పు తరువాత వేసికొనవచ్చును, పడిన ఉప్పును తీయలేము. స్వచ్ఛమైన నాదమును ఉన్నదున్నట్లు ఒక వరుసలో దాచినచో, ఏడాది తరువాత మంచి ఆంప్లిఫయరు దొరకినపుడు దానిలోనికే పంపి మరల రికార్డు చేసికొనవచ్చును. స్థాయి విషయమునను ఇంతే: 24 బిట్ల రికార్డింగులో ఎఱ్ఱగీత అంచువరకు నింపనక్కరలేదు, గట్టిగా కొట్టిన దెబ్బ -12 డెసిబెల్సు దగ్గర ఆగినచో చాలును. గిన్నె అంచువరకు పాలు పోసి పొయ్యిమీద పెట్టుదురా? పొంగిన పాలను ఎత్తగలమేమో గాని, సున్న దాటి తెగిన తరంగమును అతుకలేము. వాయించునపుడు చెవికి ఆలస్యముగా వినబడుచున్నదని బెదరువారు, కంప్యూటరు నాదమును క్షణకాలము నిలిపి ఉంచు బఫరును 128 నమూనాలకు దించవలెను. 48 వేల నమూనాల వేగమున ఆ నిలుపుదల 2.7 మిల్లీసెకనులు, అనగా మూడడుగుల దూరపు స్పీకరునుండి శబ్దము చెవికి చేరు కాలము.

కంప్యూటరులోని అలంకారములలో ఏది ముందు, ఏది వెనుక అను తగవు తెగునది కాదు. నా మటుకు 30 కంపనములకు దిగువనున్న గుడగుడను మొదటనే తీసివేసి, తరువాత కంప్రెసరును ఉంచుదును. వినబడని చప్పుడుకు కంప్రెసరు ఉలికిపడుట నాకు నచ్చదు. నాలుగుకొకటి నిష్పత్తి, వ్రేలి దెబ్బ తప్పించుకొని ముందుకు పోవునట్లు 30 మిల్లీసెకనుల వ్యవధి, నాలుగైదు డెసిబెల్సుకు మించని అణచివేత: ఇంత చాలును.

ఫోనులో వినువారికై ఒక చిట్కా మాత్రము చెప్పెదను. ఫోను స్పీకరులో 41 కంపనములు పుట్టవు; కాని వాని రెట్టింపులు, మూడింతలు వినబడినచో మన చెవియే లోపలి పునాదిని ఊహించి వినును. కావున కొంచెము కరకు కలిపి అనుస్వరములను పెంచిన బేసు చిన్న స్పీకరులోను లావుగా పలుకును. ఇది నాకు పుస్తకములు చెప్పుటకు ముందే ట్రాన్సిస్టరు చెప్పినది. 1989లో 'గీతాంజలి' పాటలు వచ్చినపుడు, ఇళయరాజా బేసు వరుసలను నేను మూడంగుళముల స్పీకరు గల రేడియోకు చెవి ఆనించియే నేర్చుకొంటిని. ఆ స్పీకరు వానిలో సగము స్వరముల పునాదిని పలికియే ఉండదు.

ఆ సాయంకాలము మావాడు పికప్పులు రెండు తెరచి, ఛార్జరు పీకి, లావు తీగపై మూడవ మెట్టు నొక్కి జి స్వరము నిలిపినాడు. హెడ్‌ఫోను నా చెవులకు తగిలించినాడు. అల లేదు, ఊపు లేదు. తీగ తాను సన్నగిల్లినంతసేపు సన్నగిల్లి ఆగినది. ఇప్పుడు వేసవి. మా అక్కగారు ఉదయము తులసికోటకు నీళ్ళు పోసి, మిగిలిన చెంబెడు సిమెంటు మూత ఎత్తి గుంతలో కుమ్మరించుచున్నది. పండుగలకు దానికి పసుపు బొట్టు కూడ పెట్టుచున్నదని మావాడు ఫిర్యాదు.